జూన్ నెల జాబితా: కంటి శిబిరాల నిర్వహణ గురించి కొత్త కార్యవర్గాలకు

(లయన్స్ క్లబ్బుల కొత్త అధ్యక్షులు, కార్యదర్శులు, కోశాధికారుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఈ నెలలోనే బాధ్యతలు తీసుకున్న లయన్ మిత్రులందరికీ నమస్కారం.

నాకిచ్చిన అంశం కంటి శిబిరాలు. మీకు పాత కార్యవర్గం మినిట్స్ పుస్తకం, చెక్కుబుక్కు, రబ్బరు స్టాంపు, సభలో కొట్టే గంట అప్పగించి ఉంటుంది. ఇంకొకటి కూడా అడిగి తీసుకోండి. మే, జూన్ నెలల్లో మీ క్లబ్బు తరఫున శుక్లం ఆపరేషన్ చేయించుకున్న వాళ్ల జాబితా. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, ఫోను, ఏ కన్ను, ఏ తేదీన ఆపరేషన్. కాగితం మీద లేకపోతే పాత కార్యదర్శి పక్కన కూర్చుని రాయించుకోండి, లేదా ఆపరేషన్ చేసిన ఆస్పత్రి నుంచి తెప్పించుకోండి. మీ పదవీకాలంలో మొదటి సేవా కార్యక్రమం ఇదే కావాలని నా విన్నపం.

ఎందుకంటే మన లయన్స్ సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది. నివేదికలు, అవార్డులు దగ్గరపడతాయి కాబట్టి ఏడాది చివర్లో క్యాంపులు ఎక్కువ పెడతాం. జూన్ 20న ఆపరేషన్ అయిన పెద్దావిడకు చుక్కల మందు జులై నెలాఖరు దాకా పడాలి. కళ్లద్దాల పరీక్ష ఆగస్టు మొదటి వారంలో జరగాలి. సరిగ్గా ఆ 6 వారాల మధ్యలో మన అధ్యక్షుడు మారిపోతాడు. ఆమె దగ్గరున్నది పాత అధ్యక్షుడి నెంబరు. ఆయన తన ఏడాది అయిపోయిందనుకుంటాడు. కొత్త అధ్యక్షుడికి ఆమె పేరే తెలియదు. 'అద్దాల కోసం కబురు చేస్తాం, బండి పంపుతాం' అన్న మాట మాత్రం ఆమెకు బాగా గుర్తుంటుంది. ఆమె ఎదురుచూస్తూనే ఉంటుంది. ఇది ఎవరో చెడ్డవాళ్లు కావడం వల్ల జరిగేది కాదు. ఆపరేషన్ తేదీకి, కార్యవర్గం తేదీకి పొంతన లేకపోవడం వల్ల జరుగుతుంది. జాబితా చేతులు మారితే ఈ తప్పు ఆగిపోతుంది.

ఈ ఒక్క విషయంలోనే మన పని ఏమిటో కూడా ఉంది. పరీక్ష, ఆపరేషన్, మందు ఇవన్నీ ఆస్పత్రి పని. అందులో మనం తలదూర్చకూడదు. మనిషిని ఇంటి దగ్గర్నుంచి ఆస్పత్రికి చేర్చడం, తిరిగి ఇల్లు చేర్చడం, చూపు కుదురుకునే దాకా వెంట ఉండడం, అది క్లబ్బు పని. సర్జను రోజుకు ఎన్ని కళ్లకైనా ఆపరేషన్ చేస్తాడు గానీ, మండలంలోని ఊరూరికీ ఫోన్లు చేసి 'అమ్మా, చుక్కలు వేసుకుంటున్నావా' అని అడగలేడు. మనం అడగగలం. మనకు ప్రతి ఊళ్లో తెలిసినవాళ్లుంటారు.

చరిత్ర రెండు మాటల్లో చెప్పి ముందుకెళ్తాను. 1917లో మెల్విన్ జోన్స్ అమెరికాలో ఈ సంస్థకు రూపం ఇచ్చినప్పుడు కంటి సేవ మన ప్రత్యేకత కాదు. 1925లో ఒహాయో రాష్ట్రంలోని సీడార్ పాయింట్‌లో జరిగిన మహాసభలో, చూపూ వినికిడీ లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ లయన్లను అంధుల పక్షాన నిలబడమని కోరిన తర్వాత అది మన పని అయింది. 1930లో ఇల్లినాయ్‌లోని పియోరియా క్లబ్బువాళ్లు చూపులేని వాళ్ల చేతికర్రకు తెల్లరంగు వేయించారు. మన దేశంలో మొదటి క్లబ్బు 1956లో బొంబాయిలో వచ్చింది. ఒకప్పుడు బడి గదుల్లో, సత్రాల్లో బల్లలు వేసి ఆపరేషన్లు చేసేవాళ్లు. పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ రోజుల గురించి గొప్పగా చెబుతారు. ఇప్పుడు అది కుదరదు, కుదరకూడదు. ఒక్క మందు సీసా, ఒక్క పరికరం కలుషితమైతే ఆ రోజు బల్లెక్కిన వాళ్లందరి కళ్లూ ప్రమాదంలో పడతాయి. ఊళ్లో పరీక్ష మాత్రమే, ఆపరేషన్ ఆస్పత్రి థియేటర్‌లోనే. ఎంత పేరున్న డాక్టరు వచ్చి 'ఇక్కడే చేసేద్దాం' అన్నా ఒప్పుకోవద్దు. శిబిరం తేదీని జిల్లా అంధత్వ నివారణ కార్యక్రమ అధికారికి, స్థానిక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ముందే రాతపూర్వకంగా తెలపండి.

ఇక తేదీ. ముఖ్య అతిథి ఖాళీని బట్టి తేదీ పెట్టే అలవాటు మానండి. నాట్లు పడే రోజుల్లో, కోతల్లో, పత్తి తీతల్లో పెడితే ముసలివాళ్లు రారు. వాళ్లకు పనుండి కాదు, వాళ్లను తీసుకొచ్చే కొడుకో కోడలో కూలి వదులుకుని రాలేరు. ఆ ఊరి సంత రోజు వద్దు. పింఛను పంచే రోజు వద్దు. అయితే పింఛను రోజు ప్రచారానికి మాత్రం మంచిది, మనకు కావలసిన వయసు వాళ్లందరికీ ఆ రోజు కబురు అందుతుంది. ఎండాకాలం ఆపరేషన్ చేయించుకుంటే కన్ను పాడవుతుందని, శుక్లం బాగా ముదిరాకే తీయాలని ఊళ్లలో ఇంకా నమ్ముతారు. రెండూ తప్పే. ముదరనిస్తే లోపల గట్టిపడి ఆపరేషన్ కష్టమవుతుంది. కొందరిలో శుక్లం ఉబ్బి కంట్లో ఒత్తిడి పెరిగి, నరం దెబ్బతిని, తర్వాత ఆపరేషన్ చేసినా చూపు రాదు. ఈ మాట ఆశా కార్యకర్తకు మీరు చెబితే ఆమె ఇంటింటికీ చెబుతుంది. ఫ్లెక్సీ మీద పెట్టే డబ్బులో సగం చాటింపుకు, ఆటో మైకుకు పెట్టండి. చూపు తగ్గినవాళ్ల కోసం పెట్టే శిబిరానికి అక్షరాల ప్రచారం సరిపోదు. చాటింపు 2 రోజుల ముందు ఒకసారి, ముందురోజు పొద్దుగూకే వేళ ఒకసారి వేయించండి. మధ్యాహ్నం చాటితే వినేవాళ్లంతా పొలంలో ఉంటారు.

చాటింపులోనే చెప్పాల్సినవి కొన్నున్నాయి. ఆధార్ కార్డు నకలు తేవాలి. వాడుతున్న మందులన్నీ, చీటీతో సహా, ఒక సంచిలో వేసుకుని రావాలి. బీపీ, షుగరు మాత్రలు ఆ పొద్దున మానకూడదు. 'పరీక్షకు వెళ్తున్నాం కదా' అని ఏమీ తినకుండా, మాత్ర వేసుకోకుండా వచ్చి వరసలో సొమ్మసిల్లేవాళ్లు ప్రతి శిబిరంలోనూ ఉంటారు. తినే రమ్మనండి. ఆపరేషన్ రోజు తినాలా వద్దా అన్నది వేరే సంగతి, అది ఆస్పత్రిని అడిగి వాళ్లు చెప్పినట్టే చెప్పండి.

శిబిరం స్థలానికి బడి చాలా అనువు. ఒక పొడవాటి గది లేదా వరండా కావాలి, ఎందుకంటే చూపు పరీక్ష 6 మీటర్ల దూరం నుంచి చేస్తారు. టేపు పెట్టి కొలిచి, నేల మీద సుద్దముక్కతో గీత గీయండి. అడుగులేసి అంచనాగా పెడితే ఒకరికి 5 మీటర్లు, ఇంకొకరికి 7 మీటర్లు అయిపోతుంది. చార్టు మీద వెలుగు పడాలి, కిటికీ చార్టు వెనక ఉండకూడదు. చదువురాని వాళ్లకు 'ఈ' అక్షరం నాలుగు దిక్కులకీ తిరిగి ఉండే చార్టు పెడతారు, కొమ్ములు ఎటువైపున్నాయో చేత్తో చూపిస్తే చాలు. ఇంకో చీకటి గది కావాలి, టార్చితో, స్లిట్ ల్యాంపుతో (కంటిని పెద్దదిగా చేసి చూపే పరికరంతో) చూడడానికి. కిటికీలకు నల్లగుడ్డ కట్టాలి. అక్కడ కరెంటు పాయింటు పనిచేస్తోందో లేదో ముందురోజే చూడండి, పొడవాటి ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదే తీసుకెళ్లండి. బడిలో మరుగుదొడ్డి తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా ముందురోజే తెలుసుకోవాలి. షుగరున్న ముసలివాళ్లు మూడు గంటలు కూర్చునే చోట అది చిన్న విషయం కాదు.

వరస ఇలా నడవాలి. మొదట పేరు నమోదు, తర్వాత చూపు పరీక్ష, బీపీ, షుగరు, ఆ తర్వాత డాక్టరు. 200 మంది వస్తారనుకుంటే నమోదుకు 3 బల్లలు, చూపు పరీక్షకు 2 చార్టులు తగ్గకూడదు. సాధారణంగా ఇరుక్కునేది చూపు పరీక్ష దగ్గరే. ఒక్కో కన్నూ విడిగా మూసి చూడాలి, ముసలివాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి, మనిషికి 3, 4 నిమిషాలు పడుతుంది. ఇక్కడ మన లియో పిల్లలు, అంటే లయన్స్ యువజన క్లబ్బుల సభ్యులు, బాగా పనికొస్తారు. చూపు కొలవడం ఆస్పత్రి సిబ్బంది చేస్తారు, వాళ్లు చెప్పిన అంకె కార్డు మీద రాయడం, పెద్దవాళ్లను చెయ్యి పట్టుకుని గీత దగ్గర నిలబెట్టడం పిల్లలు చేస్తారు. కన్ను మూసేటప్పుడు వేళ్ల సందుల్లోంచి చూడనివ్వకూడదు, అట్టముక్క ఇవ్వండి. చిన్న చిల్లున్న నల్లబిళ్లలోంచి చూస్తే చూపు మెరుగుపడితే అది సాధారణంగా కళ్లద్దాలతో సరిపోయే లోపం. మెరుగుపడకపోతే శుక్లమో, వెనక పొర జబ్బో, మరొకటో అని డాక్టరు చూడాలి. అందుకని ఆ బిళ్ల పరీక్ష వదిలేసి తొందరపడితే, అద్దాలు సరిపోయే వాళ్లంతా డాక్టరు గది ముందు పోగవుతారు.

కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసేది చూపు కొలిచిన తర్వాతే. వరస తప్పి ముందే చుక్కలు పడితే ఆ రోజు ఆ మనిషి చూపు లెక్క పనికిరాదు. కొందరికి కంటి ముందుభాగం ఇరుకుగా ఉంటుంది, వాళ్లకు ఈ చుక్కలు వేస్తే ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. కాబట్టి 'డాక్టరు చూసేలోపు చుక్కలేసి కూర్చోబెడితే టైము కలిసొస్తుంది' అని మన సభ్యులెవరూ సలహా ఇవ్వకూడదు. చుక్కలు పడ్డవాళ్లకు కొన్ని గంటలు వెలుతురు పడదు, దగ్గరివి మసకగా కనిపిస్తాయి. బండి నడుపుకుంటూ ఇంటికి వెళ్లనివ్వకండి.

ఇక్కడ సభ గురించి ఒక మాట గట్టిగా చెబుతాను. శిబిరానికి ప్రారంభోత్సవం కావాలంటే 10 నిమిషాలు చేయండి. అది జరుగుతుండగానే నమోదు నడవాలి. అతిథి రాలేదని పరీక్ష ఆపడం, డెబ్బై ఏళ్ల వాళ్లను శాలువాల కార్యక్రమం పూర్తయ్యేదాకా కూర్చోబెట్టడం ఏ క్లబ్బూ చేయకూడని పని. కట్టు కట్టిన కళ్లతో పేషెంట్లను వరసగా నిలబెట్టి ఫొటో తీయడం కూడా అంతే. నివేదికకు ఫొటో కావాలంటే వెనకనుంచి తీయండి, లేదా అడిగి తీయండి. ఉచితంగా చేయించుకున్నాడు కదా అని మనిషి మొహం మన సొత్తు కాదు.

ఆపరేషన్‌కు ఎంపికైన వాళ్ల దగ్గరకొద్దాం. డాక్టరు శుక్లం అని రాశాక ఇంకో మూడు నాలుగు చూస్తారు. ముక్కు పక్కన, కంటి మూలలో ఉన్న నీటిసంచిని నొక్కితే చీము వస్తే ముందు దానికి వైద్యం, తర్వాతే శుక్లం. ఆ చీముతో ఆపరేషన్ చేస్తే ఇన్‌ఫెక్షన్ కన్ను లోపలికి పోతుంది. షుగరు అదుపులో లేకపోతే వాయిదా. మగవాళ్లలో ప్రోస్టేటుకు, మూత్రం సాఫీగా రావడానికి మాత్రలు వాడేవాళ్లుంటారు. వాటిలో కొన్ని మందుల వల్ల ఆపరేషన్ సమయంలో కంటిపాప పొర మెత్తబడి జారుతుంది. సర్జనుకు ముందే తెలిస్తే జాగ్రత్తపడతాడు. వాళ్లు సిగ్గుపడి చెప్పరు, మందుల సంచి తెమ్మన్నది అందుకే. రక్తం పలచబడే మాత్రలు ఎవరైనా వాడుతుంటే మానమని మనం చెప్పకూడదు, ఆ నిర్ణయం డాక్టరుది.

వాయిదా పడ్డవాళ్లకు ఒక కాగితం పెట్టండి. షుగరు ఎక్కువని తిప్పి పంపిన మనిషి 'నాకు ఆపరేషన్ పనికిరాదన్నారు' అని ఊళ్లో చెప్పి, ఇక ఏ శిబిరానికీ రాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు మార్పించుకుని నెల తర్వాత వచ్చే బస్సులో రావాలని అతనికీ, ఇంట్లో ఇంకొకరికీ చెప్పాలి.

పేర్ల సంగతి. ఒకే ఊరి నుంచి ఇద్దరు వెంకటమ్మలు వస్తారు, ఇంటిపేరు కూడా ఒకటే ఉంటుంది, వయసూ అటూఇటూగా అంతే. కంట్లో అమర్చే కటకం పవరు ప్రతి మనిషికీ, ప్రతి కంటికీ వేరు, ఆస్పత్రిలో కొలిచి నిర్ణయిస్తారు. కార్డు తారుమారైతే ఒకరి పవరు ఇంకొకరి కంట్లోకి పోతుంది. అందుకని భర్త పేరు, ఊరు, క్రమసంఖ్య మూడూ రాయండి, ఆ సంఖ్య మణికట్టు పట్టీ మీద ఉండాలి, ఏ కన్నో కార్డు మీద అక్షరాల్లో రాయాలి. 'కు' అని, 'ఎ' అని పొట్టి రాతలొద్దు. 'కుడి కన్ను' అని పూర్తిగా రాయండి. ఫోను నెంబరు రెండు తీసుకోండి, ఒకటి కొడుకుదో కూతురిదో, రెండోది పక్కింటి వాళ్లదో ఆశా కార్యకర్తదో. కొడుకు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటే ఆ ఒక్క నెంబరుతో పని కాదు.

బస్సు. 50 సీట్ల బండిలో 40 మంది పేషెంట్లు చాలు, మిగతావి తోడు వచ్చేవాళ్లకు, మన సభ్యులకు. బండిలో మన వాళ్లు ఇద్దరు ఉండి తీరాలి, ఆడవాళ్లు ఎక్కువగా ఉంటే ఒక మహిళా సభ్యురాలు తప్పనిసరి. జాబితా 3 ప్రతులు: ఒకటి బండిలో, ఒకటి ఆస్పత్రిలో, ఒకటి కార్యదర్శి దగ్గర. ఎక్కేటప్పుడు లెక్కపెట్టాలి, దిగేటప్పుడు లెక్కపెట్టాలి. తిరుగు ప్రయాణంలోనే తప్పులు ఎక్కువ జరుగుతాయి. చీకటిపడ్డాక, ఒక కంటికి కట్టు, ఇంకో కన్ను సరిగా కనపడని మనిషిని మెయిన్ రోడ్డు మీద దించి బండి పోతే, ఆ మనిషి ఊళ్లోకి ఎలా నడుస్తాడు? డ్రైవరు తొందరపెడతాడు, రోడ్డు ఇరుకంటాడు. ముందే మాట్లాడుకోండి: ఇంట్లో మనిషి వచ్చి చెయ్యి పట్టుకుని, జాబితా మీద సంతకమో వేలిముద్రో వేసిన తర్వాతే బండి కదలాలి. పగలు దించేలా ఆస్పత్రి నుంచి డిశ్చార్జి సమయం అడగండి.

ఇప్పుడు అసలైన 6 వారాలు. 40 మందికి ఆపరేషన్ అయిందనుకోండి. 10 మంది సభ్యులు తలా నలుగురిని తీసుకుంటే చాలు. ఏ సభ్యుడికి ఏ నలుగురో ఆపరేషన్‌కు ముందే నిర్ణయించి, ఆ సభ్యుడి పేరు, ఫోను పేషెంటు కార్డు మీద రాయించండి. అధ్యక్షుడి నెంబరు రాయించొద్దు, అది ఏడాదికోసారి మారుతుంది. మొదటివారంలో రెండోరోజు, నాలుగోరోజు, ఏడోరోజు ఫోను చేయాలి. లోపలి ఇన్‌ఫెక్షన్ ఎక్కువగా బయటపడేది ఆ రోజుల్లోనే. అడగాల్సిన ప్రశ్నలు నాలుగు: నొప్పి పెరిగిందా, ఎరుపు పెరిగిందా, నిన్నటికంటే చూపు మసకబారిందా, చీము లాంటిది వస్తోందా. ఒక్కదానికి 'అవును' అన్నా అదే రోజు, ఆ గంటలోనే ఆస్పత్రికి బయల్దేరదీయాలి. 'రేపు పొద్దున చూద్దాం' అంటే కన్ను దక్కకపోవచ్చు. ఆ బండి ఖర్చు ఎవరి అనుమతీ అడగకుండా పెట్టే అధికారం ఆ సభ్యుడికి ఉండేలా బోర్డు మీటింగులో ముందే తీర్మానం రాసుకోండి. ఆపరేషన్ మరుసటి రోజు, వారానికి, నెలకు జరిగే పరీక్షల తేదీలు కూడా ఆ సభ్యుడి దగ్గరే ఉండాలి.

చుక్కల మందు ఎలా వేయాలో ఆస్పత్రిలో చెబుతారు. అప్పటికి పేషెంటు భయంలో ఉంటాడు, బుర్రకెక్కదు. ఇంటికెళ్లి వేసేది కోడలో, మనవడో. వాళ్లకు మీరు చూపించాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కొన్ని మందులు అడుగున తెల్లగా పేరుకుంటాయి, సీసా బాగా ఊపాలి, ఊపకపోతే పైన నీళ్లే పడతాయి. కింది రెప్పను వేలితో మెల్లగా కిందికి లాగితే చిన్న గుంటలా ఏర్పడుతుంది, అందులో ఒక్క చుక్క. సీసా మూతి కంటికి గానీ రెప్ప వెంట్రుకలకు గానీ తగలకూడదు. ఒక నిమిషం కన్ను మూసి ఉంచాలి, నలపకూడదు. రెండు రకాల మందులుంటే మధ్యలో 5 నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. మొదటి వారం రోజుకు 6 సార్లతో మొదలుపెట్టి వారానికొకటి తగ్గిస్తూ వెళ్లమని చాలా ఆస్పత్రుల్లో రాస్తారు. మీ ఆస్పత్రి ఎలా రాస్తే అలా. కన్ను బాగుందని వారానికే ఆపేస్తే లోపల వాపు వస్తుంది. బాగా పనిచేస్తోందని ఆ మందునే నెలల తరబడి సొంతంగా కొని వేసుకుంటే కొందరికి కంటి ఒత్తిడి పెరిగి నరం పోతుంది. ఈ రెండో తప్పు గురించి ఎవరూ చెప్పరు, మీరు చెప్పండి.

మన ఊళ్లలో ఇంకో చిక్కు పత్యం. వంకాయ వద్దు, గోంగూర వద్దు, పప్పు తింటే చీము పడుతుంది అని, నెలరోజులు కారప్పొడి అన్నంతో గడిపేవాళ్లున్నారు. శుక్లం ఆపరేషన్‌కు అలాంటి పత్యం ఏదీ లేదు. పప్పు, కూరలు, గుడ్డు మామూలుగా తినాలి, షుగరున్నవాళ్లు షుగరుకు పాటించేది పాటించాలి. మానాల్సినవి వేరే ఉన్నాయి. డాక్టరు చెప్పేదాకా తలంటు, కంట్లో నీళ్లు పడడం, కట్టెల పొయ్యి పొగ, పశువుల కొట్టం దుమ్ము, వడ్ల బస్తా ఎత్తడం, ఆపరేషన్ అయిన వైపు పడుకోవడం. కంట్లో ఆముదం, చనుబాలు, నందివర్ధనం పువ్వు రసం వేయడం అన్నిటికంటే ప్రమాదం. ప్రేమతోనే వేస్తారు, అందుకని కసురుకోకుండా, ఎందుకు వద్దో ఇంటి పెద్దావిడకు చెప్పండి. లోపల ఇంకా కోత మానలేదు, బయటిది ఏది పడినా దానితోపాటు సూక్ష్మజీవి లోపలికి పోతుంది అంటే ఆమె అర్థం చేసుకుంటుంది.

4 నుంచి 6 వారాల మధ్య కళ్లద్దాల పరీక్ష. అంతకుముందు చేస్తే కోత కుదురుకునే కొద్దీ నెంబరు మారిపోతుంది, అద్దాలు వృథా. ఇక్కడే 'ఆపరేషన్ చేయించారు గానీ సూదిలో దారం ఎక్కడం లేదు, బియ్యంలో రాళ్లు కనపడడం లేదు' అనే ఫిర్యాదు వస్తుంది. లోపల అమర్చిన కటకం సాధారణంగా దూరపు చూపుకు సరిపడేది. దగ్గరికి అద్దాలు కావాల్సిందే. ఈ మాట ఆపరేషన్‌కు ముందే చెప్పకపోతే పేషెంటు మోసపోయానని అనుకుంటాడు, ఊళ్లో పదిమందికి అదే చెబుతాడు. ఆ పరీక్షకు మళ్లీ బస్సు పెట్టండి. మొదటి బస్సుకు దాతలు దొరుకుతారు, ఈ రెండో బస్సుకు దొరకరు, కాబట్టి శిబిరం బడ్జెటు రాసేటప్పుడే రెండు బస్సులు రాయండి. రెండో బస్సులో ఎంతమంది ఎక్కారన్నదే నా దృష్టిలో మీ శిబిరం లెక్క. నివేదికలో ఓపీ (పరీక్షకు వచ్చినవాళ్లు) ఎంత, ఆపరేషన్లు ఎన్ని అని రాస్తున్నాం, మూడో గడి ఒకటి గీసి అద్దాలు అందినవాళ్లు ఎందరో రాయండి. రెండో కంట్లో శుక్లం ఉన్నవాళ్ల పేర్లు ఆ రోజే తర్వాతి శిబిరం జాబితాలోకి ఎక్కాలి.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. ఆపరేషన్ అయిన కొన్ని నెలలకో, ఏళ్లకో కొందరికి చూపు మళ్లీ మసకబారుతుంది. శుక్లం తిరిగి వచ్చిందనుకుంటారు. కటకం వెనక మిగిలిన పల్చటి పొర మందమవడం అది. లేజరుతో కొద్ది నిమిషాల్లో సరిచేస్తారు, కోత ఉండదు. పాత జాబితాలు పారేయకపోతే వాళ్లను మీరే వెతికి పంపించగలరు.

డబ్బు గురించి కోశాధికారులకు. క్లబ్బుకు రెండు ఖాతాలుండాలి. సభ్యుల చందాలు ఒక ఖాతాలోకి, జనం దగ్గర వసూలు చేసింది, దాతలు ఇచ్చింది సేవా ఖాతాలోకి. సేవా ఖాతాలోంచి మన భోజనాలకు, శాలువాలకు, ఇన్‌స్టలేషన్ (కొత్త కార్యవర్గ ప్రమాణ స్వీకార సభ) హాలు అద్దెకు ఒక్క రూపాయి పోకూడదు. ఇది మన సంస్థ నియమం, దాత ముందు మన మర్యాద కూడా. దాతకు రసీదు అదే రోజు ఇవ్వండి. ఆదాయపన్ను మినహాయింపు కోరేవాళ్లు 2000 రూపాయలు దాటితే నగదుగా ఇవ్వకుండా బ్యాంకు ద్వారా ఇవ్వాలి, ముందే చెప్పండి. ఆ మినహాయింపు మీ క్లబ్బు ట్రస్టుకు ఉందో లేదో చూసుకోకుండా మాట ఇవ్వొద్దు.

ఫెలోషిప్, అంటే సభ్యుల మధ్య స్నేహం, భోజనాలేనా అని కొత్త సభ్యులు అడుగుతుంటారు. భోజనాలు కూడా. ఒకరింట్లో ఒకరు తిని, పిల్లల పెళ్లిళ్లకు వెళ్లి, కష్టంలో పలకరించుకున్న వాళ్లే రాత్రి పదింటికి ఫోను చేసి 'అన్నా, మా పేషెంటుకు కన్ను ఎర్రబడింది, నీ కారు కావాలి' అని అడగగలరు. ఆ చనువు లేని క్లబ్బులో పనంతా అధ్యక్షుడూ కార్యదర్శీ మోసి, ఏడాది తిరిగేసరికి అలసిపోతారు. నెలవారీ సమావేశంలో టెయిల్ ట్విస్టర్‌ను (సభలో సందడి చేసే బాధ్యత ఉన్న సభ్యుడిని) సరదా జరిమానాలు వేయనివ్వండి, కుటుంబాలను రమ్మనండి. అదే సమావేశంలో 10 నిమిషాలు పక్కన పెట్టి ప్రతి సభ్యుడూ తన నలుగురి సంగతి చెప్పాలి. ఫోను ఎత్తనివాళ్లు ఎవరు, ఎవరి ఊరికి ఎవరు వెళ్తారు అన్నది అక్కడే తేలిపోవాలి.

దగ్గరి చూపు అద్దాల పంపిణీ గురించి క్లుప్తంగా. 40 ఏళ్లకు +1, 50కి +2, 60 దాటితే +3 దరిదాపుల్లో పడుతుందన్నది స్థూలమైన లెక్క మాత్రమే. వయసు అడిగి అద్దం చేతికివ్వకండి. చేతిలో చదివే దూరంలో, అంటే 35, 40 సెంటీమీటర్ల దగ్గర పట్టించి, చదివినవాళ్లకు చదివించి, కుట్టుపని వాళ్లకు సూది ఇచ్చి చూడండి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మల్కాపూర్‌లో మొదలైన ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం కంటి వెలుగు, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన అలాంటి కార్యక్రమం ద్వారా చాలామందికి అద్దాలు అందాయి. ఉన్నవాళ్లకే మళ్లీ ఇచ్చే బదులు, ఆ పరీక్షల్లో ఆపరేషన్ అవసరమని రాయించుకుని ఇంట్లోనే ఉండిపోయిన వాళ్లను వెతకడం మేలు.

చివరిగా నేత్రదానం. ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 వరకు నేత్రదాన పక్షోత్సవాలు. మీరు ర్యాలీ చేస్తారు, ప్రతిజ్ఞా పత్రాలు నింపిస్తారు, మంచిదే. కానీ మరణం జరిగినప్పుడు ఆ పత్రం బీరువాలో ఉంటుంది. ఒప్పుకోవాల్సింది కుటుంబం, పత్రం లేకపోయినా వాళ్లు ఒప్పుకుంటే చాలు. కబురు అందిన సభ్యుడు ముందు నేత్రనిధికి (ఐ బ్యాంకుకు) ఫోను చేయాలి, తర్వాత పరామర్శకు వెళ్లాలి. 6 గంటల్లోపు తీసుకోవాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. సిబ్బంది వచ్చేలోపు చేయాల్సినవి: రెప్పలు మూసి ఉంచడం, వాటిమీద తడిపిన దూది పెట్టడం, తలకింద దిండు పెట్టి కాస్త ఎత్తులో ఉంచడం, పైన ఫ్యాను ఆపేయడం. ఫ్యాను గాలికి కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, ఎండిపోతుంది. శుక్లం ఆపరేషన్ అయినవాళ్లు, అద్దాలు పెట్టుకున్నవాళ్లు, షుగరు, బీపీ ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు. హెచ్‌ఐవీ, హెపటైటిస్, రేబిస్, రక్త క్యాన్సర్ లాంటివి ఉంటే తీసుకోరు. పని 20 నిమిషాల్లో అయిపోతుంది, మొహం వికారంగా మారదు, అంత్యక్రియలకు ఆలస్యం కాదు. కుటుంబం అడిగే ప్రశ్నలు ఎప్పుడూ ఈ చివరి రెండే. జవాబు మీ నోటికి వచ్చి ఉండాలి. మీ ప్రాంతపు నేత్రనిధి నెంబరు ఈ పూట మధ్యాహ్న భోజనానికి లేచేలోపు మీ ఫోన్లలో పెట్టుకోండి, బల్ల దగ్గర రాసి ఉంచాం.

ఇక ప్రశ్నలు అడగండి. బస్సు ఒప్పందం కాగితం, పేషెంటు కార్డు నమూనా ప్రతులు కావలసినవాళ్లు చేతులెత్తండి, పంపిస్తారు.